‘తరువాత’కూ ‘వల్ల’కూ మధ్య: గుంటూరు, ప్రకాశం మైదానాల్లో బాల్య టీకాల సమాచారం – విశ్వసనీయత

వ్యాససంగ్రహం:
పసిపిల్లల టీకాల గురించి తల్లిదండ్రులకు చేరే సమాచారంలో నమ్మదగినది ఏది, దానిని గుర్తించడం ఎలా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప సాగు ప్రాంతాలను భూమికగా తీసుకొని, సమాచారం ప్రయాణించే దారులను, టీకా పట్టికల మధ్య తేడాలను, సంఖ్యలను చదవవలసిన పద్ధతిని వివరిస్తుంది. ఖమ్మం (2009-10), నాంపల్లి (2019) ఘటనలను, బి.సి.జి. చరిత్రను ఉదాహరణలుగా స్వీకరిస్తుంది. చెప్పినవారి హోదా ఒక్కటే విశ్వసనీయతకు చాలదనీ, ఆ మాటను సరిచూసే వీలు, దానికి జవాబు చెప్పే మనిషి ఉన్నప్పుడే అది నమ్మదగిన సమాచారం అవుతుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బాల్య టీకాలు, విశ్వసనీయ సమాచారం, గుంటూరు, ప్రకాశం, వలస కూలీలు, కారణ నిర్ధారణ, సమ్మతి, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం:

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప వేసే రైతుకు నమ్మకం అంటే పెట్టుబడికి సంబంధించిన లెక్క కూడా. నకిలీ విత్తనం సంచిలో ఉన్నప్పుడు తెలియదు. మొలిచినప్పుడూ తెలియకపోవచ్చు. చెట్టు ఏపుగా పెరిగి కాపు పట్టనప్పుడు తెలుస్తుంది. అప్పటికి అదను దాటిపోతుంది. అందుకే అనుభవమున్న రైతు ప్యాకెట్ మీది లాట్ నంబరు, గడువు తేదీ చూస్తాడు. బిల్లు అడిగి తీసుకుని దాచుకుంటాడు. దుకాణదారు ఎంత మంచివాడన్నదానికంటే, పంట పోతే ఆ మాటకు ఎవరు జవాబు చెబుతారన్నది అతనికి ముఖ్యం.

అదే ఇంట్లో బిడ్డకు సూది వేయించే విషయం వచ్చేసరికి ఈ జాగ్రత్త తరచుగా కనిపించదు. ఫోనులో వచ్చిన సందేశానికి తేదీ ఉండదు, రాసినవారి పేరు ఉండదు. అయినా అది ఇంటిల్లిపాదినీ కలవరపెడుతుంది. మరోవైపు ఆరోగ్య సిబ్బంది ‘ఏమీ కాదు, వేయించండి’ అని మాత్రమే చెప్పి వెళితే, ఆ మాటలోనూ సరిచూసుకునే ఆధారం ఉండదు. మొదటిది భయపెట్టే నిరాధార వాక్యం, రెండవది భరోసా ఇచ్చే నిరాధార వాక్యం. రెండింటికీ ఒకే పరీక్ష పెట్టాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ వ్యాసంలో గుంటూరు, ప్రకాశం అన్నప్పుడు 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందున్న ఉమ్మడి జిల్లాలనే ఉద్దేశించడమైనది. నేటి పల్నాడు జిల్లా, బాపట్ల జిల్లా కూడా ఈ భూమికలోకి వస్తాయి. అవసరమైన చోట తెలుగునేల మీద ఇతర ప్రాంతాల్లో జరిగిన ఘటనలను ఉదాహరణలుగా తీసుకోవడం జరిగింది.

2. సమాచారం చేరే దారులు:

గ్రామంలో టీకా సమాచారానికి అధికారిక ముఖం ఏఎన్ఎం. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త ఆమెకు తోడు. బుధ, శనివారాల్లో జరిగే టీకా కార్యక్రమంలో తల్లికి నాలుగు విషయాలు చెప్పాలని జాతీయ కార్యక్రమ నియమావళి నిర్దేశిస్తుంది. వేసిన టీకా ఏది, అది ఏ వ్యాధిని అడ్డుకుంటుంది. మళ్ళీ ఎప్పుడు రావాలి. రాగల చిన్న ఇబ్బందులు ఏవి, అప్పుడు ఏం చేయాలి. కార్డును భద్రపరచి తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకోవాలి. టీకా వేశాక అరగంట అక్కడే ఉండమని చెప్పడం కూడా ఈ పద్ధతిలో భాగమే.

ఈ నాలుగింటిలో మూడవదానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. పెంటావాలెంట్ టీకా తరువాత జ్వరం, సూది వేసిన చోట వాపు రావడం సాధారణం. ఆ సంగతి తల్లికి ముందే తెలిస్తే రాత్రి వచ్చిన జ్వరం ఎదురుచూసినదే అవుతుంది. తెలియకపోతే అది వార్త అవుతుంది. ఆ వార్తకు అర్థం చెప్పేవారు వేరే ఉంటారు. ఊరంతా డాక్టరని పిలిచే ఆర్ఎంపీ, పక్కింటి పెద్దమ్మ, ఫోనులోని వీడియో ఆ స్థానంలోకి వస్తాయి. ముందు చెప్పిన మాట వివరణ అవుతుంది. తరువాత చెప్పిన అదే మాట సంజాయిషీ అవుతుంది. కాబట్టి సమాచారం సరైనదై ఉండటంతో పాటు సకాలంలో చేరడం కూడా విశ్వసనీయతలో భాగమే.

ఈ దారుల్లో ఏదీ చేరని వర్గం ఒకటి ఈ మైదానాల్లో ఉంది. పత్తి తీతలకు, ఆ తరువాత మిరప కోతలకు కర్నూలు పశ్చిమ మండలాల నుండి, ఇతర మెట్ట ప్రాంతాల నుండి కుటుంబాలు గుంటూరు వైపు వలస వస్తాయి. పిల్లలు వెంట ఉంటారు. చేల గట్లమీద, మిరప కల్లాల పక్కన వేసుకున్న గుడారాల్లో నెలల తరబడి ఉంటారు. టీకా వేయవలసిన పిల్లల జాబితా గ్రామం వారీగా తయారవుతుంది. సొంత ఊరి జాబితాలో ఆ బిడ్డ పేరు ఉంటుంది గాని బిడ్డ ఉండదు. పనికి వచ్చిన ఊరిలో బిడ్డ ఉంటుంది గాని పేరు ఉండదు. 2014 డిసెంబరు 25న ప్రారంభమైన మిషన్ ఇంద్రధనుష్ ఇటువంటి వలస నివాసాలను ప్రత్యేకంగా లక్ష్యం చేసుకోవడానికి కారణం ఇదే. ఈ కుటుంబాలకు మాతా శిశు సంరక్షణ కార్డు ఒక్కటే తమతో ప్రయాణించే సమాచారం. అందులో తేదీలు సరిగా రాయకపోతే, ఏ టీకా పడిందో ఏది పడలేదో చెప్పగలిగేది తల్లి జ్ఞాపకం మాత్రమే.

3. రెండు పట్టికలు, ఒక సందేహం:

తల్లిదండ్రుల్లో అనుమానం కలిగించే అంశాల్లో ఒకటి ప్రభుత్వ పట్టికకూ ప్రైవేటు ఆసుపత్రి పట్టికకూ ఉన్న తేడా. నిజానికి ఈ తేడాకు స్పష్టమైన కారణాలున్నాయి.

భారతదేశంలో విస్తృత టీకా కార్యక్రమం 1978లో మొదలై, 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమంగా మారింది. ప్రస్తుత పట్టిక ప్రకారం పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా ఇస్తారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పోలియో చుక్కలు, పెంటావాలెంట్, రోటావైరస్ టీకాలు ఇస్తారు. పెంటావాలెంట్ కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ సూక్ష్మజీవి వల్ల వచ్చే న్యుమోనియా, మెదడు పొరల వాపుల నుండి రక్షణకు ఉద్దేశించినది. న్యుమోకోకల్ టీకా, పోలియో సూది ఇదే కాలంలో నిర్ణీత వారాల్లో వస్తాయి. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా మొదటి మోతాదు, 16-24 నెలల మధ్య రెండవది. మెదడువాపు టీకాను ఆ వ్యాధి ఎక్కువగా కనిపించే జిల్లాల్లోనే వేస్తారు. కాబట్టి పక్క జిల్లాలో వేసే టీకా ఇక్కడ వేయకపోవడం నిర్లక్ష్యానికి నిదర్శనం కానక్కరలేదు.

భారతీయ శిశువైద్యుల సంఘం సూచించే పట్టికలో టైఫాయిడ్, ఆటలమ్మ, హెపటైటిస్-ఎ వంటి అదనపు టీకాలు ఉంటాయి. ప్రభుత్వ పట్టిక మొత్తం జనాభాకు వచ్చే వ్యాధిభారం, ఖర్చు, సరఫరాలను లెక్కలోకి తీసుకొని రూపొందినది. శిశువైద్యుల పట్టిక ఒక బిడ్డకు ఇవ్వగల గరిష్ఠ రక్షణను దృష్టిలో ఉంచుకున్నది. ప్రశ్న వేరు కావడం వల్ల జవాబు వేరైంది. అలాగే ‘నొప్పి లేని సూది’ అని ప్రచారంలో ఉన్న టీకాలో కోరింత దగ్గు భాగం వేరే రకం. దానికి జ్వరం తక్కువ వస్తుంది. అయితే దాని రక్షణ త్వరగా తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. ప్రభుత్వ టీకాకు జ్వరం ఎక్కువ రావడం అది నాసిరకమని చెప్పదు. రెండు వైపులా చెప్పిన సమాచారమే తల్లిదండ్రులకు ఎంపికను మిగులుస్తుంది.

పట్టిక కాలంతో మారుతుంది కూడా. రోటావైరస్ టీకాను 2016లో దేశంలో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆనాటి టీకా హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారీ. న్యుమోకోకల్ టీకా 2021లో దేశమంతటికీ విస్తరించింది. పెద్దబిడ్డ కార్డులో లేని టీకా చిన్నబిడ్డ కార్డులో ఉండటానికి కారణం ఇదే. మార్పుకు కారణం, తేదీ చెప్పగలిగితే ఆ మార్పు విజ్ఞానం పెరిగిందనడానికి గుర్తు.

4. సీసా మీది సాక్ష్యం:

టీకా గురించి అక్షరం రానివారు కూడా స్వయంగా సరిచూసుకోగల సమాచారం ఒకటి ఉంది. అది సీసా మీదే ఉంటుంది. వేసవిలో రెంటచింతల వంటి చోట్ల ఎండ తీవ్రత ఎలా ఉంటుందో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. ఇంత వేడిలో టీకా చెడిపోలేదని తెలుసుకోవడం ఎలా అన్నది న్యాయమైన ప్రశ్న. దీనికోసం సీసా లేబులు మీదనో మూత మీదనో ఒక వృత్తం, దాని మధ్య ఒక చతురస్రం ముద్రిస్తారు. వేడి తగిలే కొద్దీ లోపలి చతురస్రం రంగు ముదురుతుంది. చతురస్రం చుట్టూ ఉన్న వృత్తం కంటే లేతగా ఉంటే, గడువు తేదీ దాటకపోతే, టీకా వాడవచ్చు. వృత్తంతో సమానంగానో అంతకంటే ముదురుగానో ఉంటే పారవేయాలి. ఈ గుర్తు వేడి ప్రభావాన్ని మాత్రమే చెబుతుంది, ఇతర నాణ్యతా లోపాలను చూపదు.

తట్టు-రుబెల్లా, బి.సి.జి. వంటి పొడి రూపంలోని టీకాలను ద్రావణం కలిపిన నాలుగు గంటల్లోపు వాడి, మిగిలితే పారవేయాలి. అందుకే సీసా మీద తెరిచిన సమయం రాస్తారు. బ్యాచ్ నంబరు నమోదు చేస్తారు. ఏదైనా జరిగితే అదే బ్యాచ్ ఎక్కడెక్కడికి వెళ్ళిందో వెతకడానికి ఆ నంబరు దారి చూపుతుంది. ‘ఇది ఎప్పుడు తెరిచారమ్మా?’ అని అడిగే హక్కు తల్లికి ఉంది. విత్తనం లాట్ నంబరు అడిగే రైతుకు ఇది కొత్త విద్య కాదు.

5. ‘తరువాత’, ‘వల్ల’:

టీకా సమాచారంలో అత్యధిక అపార్థాలకు మూలం రెండు తెలుగు మాటల మధ్య ఉంది. ‘సూది వేశాక బిడ్డకు జబ్బు చేసింది’ అన్నది కాలక్రమాన్ని చెప్పే వాక్యం. ‘సూది వేసినందువల్ల జబ్బు చేసింది’ అన్నది కారణాన్ని చెప్పే వాక్యం. మొదటిది చూసినవారు చెప్పగలరు. రెండవది విచారణ జరిగితేగాని చెప్పలేము. నోటి నుండి నోటికి పోయేటప్పుడు మొదటి వాక్యం రెండవదిగా మారడం సహజం.

ఈ గందరగోళాన్ని మన అనువాదాలు పెంచుతున్నాయి. వైద్యశాస్త్రంలో టీకా తరువాత నిర్ణీత కాలంలో కనిపించిన ప్రతి అవాంఛనీయ ఘటననూ నమోదు చేస్తారు. దానిని టీకాయే కలిగించిందని ఆ నమోదు చెప్పదు. పత్రికలు, ప్రకటనలు మాత్రం దీనిని ‘టీకా దుష్ప్రభావం’ అని అనువదించినప్పుడు, విచారణ మొదలుకాకముందే తీర్పు వెలువడినట్లవుతుంది. ‘టీకా అనంతర ఘటన’, ‘టీకా దుష్ప్రభావం’ అనే రెండు పదాలను వేరువేరుగా వాడడం తెలుగులో తక్షణం అవసరం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి ఘటనలకు ఐదు రకాల కారణాలను గుర్తిస్తుంది. టీకా సహజ గుణం, టీకా తయారీలో నాణ్యతా లోపం, టీకా వేయడంలో పొరపాటు, సూది భయం వల్ల కలిగే ఆందోళన, టీకాతో సంబంధం లేని కాకతాళీయత అన్నవి ఆ ఐదు. మన దేశంలో తీవ్రమైన ఘటనలను జిల్లా టీకా అధికారికి తెలియజేయాలి. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి సంఘాలు వాటిని పరిశీలిస్తాయి.

2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లిలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగినది ఈ విభజన ఎందుకు ముఖ్యమో చూపుతుంది. పెంటావాలెంట్ టీకా వేయించుకున్న శిశువులకు పారాసెటమాల్‌కు బదులు ట్రమడాల్ అనే బలమైన నొప్పి మందు మాత్రలు ఇచ్చారు. పలువురు శిశువులు ఆసుపత్రి పాలయ్యారు. మరణం కూడా సంభవించింది. ‘టీకా తరువాత’ అన్నది అక్షరాలా నిజం. ‘టీకా వల్ల’ అన్నది నిజం కాదు. అయితే ‘ఏమీ జరగలేదు’ అనడం అంతకంటే పెద్ద అబద్ధం. జరిగినది మందు పంపిణీలో ఘోరమైన పొరపాటు. కారణాన్ని సరిగా గుర్తించినప్పుడే దిద్దుబాటు సరైన చోట జరుగుతుంది. టీకాను నిందిస్తే మాత్రల గది అలాగే ఉండిపోతుంది.

కాకతాళీయత ఎంత మేరకు ఉంటుందో ఒక ఊహా లెక్కతో చూడవచ్చు. 2020 నమూనా నమోదు వ్యవస్థ ప్రకారం దేశంలో శిశు మరణాల రేటు వెయ్యి సజీవ జననాలకు 28. అందులో తొలి 28 రోజుల్లో సంభవించేవి 20. మిగిలిన పదకొండు నెలల్లో వెయ్యికి 8. ఏటా 50,000 జననాలున్న జిల్లాను ఊహించుకుంటే ఇవి 400 మరణాలు. ఈ పదకొండు నెలల్లో బిడ్డకు ఆరు, పది, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలు అనే నాలుగు టీకా రోజులు వస్తాయి. మరణాలు సుమారు 335 రోజులకూ సమానంగా పంపిణీ అయ్యాయనుకుంటే, టీకాకు ఏ సంబంధమూ లేకపోయినా, ఏడాదికి దాదాపు ఐదు మరణాలు టీకా వేసిన ఒక రోజు వ్యవధిలోకి వస్తాయి. మరణాలు తొలి నెలల్లో ఎక్కువగా ఉండటం, జబ్బుగా ఉన్న బిడ్డకు టీకా వాయిదా వేయడం వంటివి ఈ అంకెను అటూ ఇటూ కదుపుతాయి. సూత్రం మాత్రం మారదు. ‘జరిగిందా’ అన్నదానితో ఆగకుండా, ‘మామూలుగా జరిగేదానికంటే ఎక్కువగా జరిగిందా’ అని అడగాలి. ఈ లెక్క ఏ ఒక్క మరణాన్నీ కొట్టిపారేయడానికి సాకు కాకూడదు. ఏ మరణం ఏ కోవలోకి వస్తుందో తెలియాలంటే ప్రతిదానినీ విచారించవలసిందే.

6. హారం లేని లవం:

పాఠశాల గణితంలో నేర్చుకున్న లవం, హారం ఇక్కడ పనికొస్తాయి. ‘టీకా వేసుకున్న పదిమందికి తట్టు వచ్చింది’ అన్న వాక్యంలో లవం ఉంది, హారం లేదు.

వెయ్యి మంది పిల్లలున్న ఒక ఊహా ప్రాంతంలో 900 మందికి తట్టు టీకా ఒక మోతాదు పడిందనుకుందాం. తొమ్మిది నెలలకు వేసే ఒక్క మోతాదు సుమారు 85 శాతం మందికి రక్షణ ఇస్తుంది. అంటే 135 మందికి రక్షణ ఏర్పడదు. టీకా పడనివారు 100 మంది. వ్యాధి ఊరంతా పాకి, రక్షణ లేనివారందరికీ సోకిందనుకుంటే రోగులు 235 మంది. వారిలో 135 మంది, అంటే సగానికి పైగా, టీకా వేసుకున్నవారే. దీనిని చూసి టీకా పనిచేయలేదనడం తేలిక. హారం చేర్చి చూస్తే వేసుకున్నవారిలో వందకు 15 మందికి, వేసుకోనివారిలో వందకు వందమందికీ వ్యాధి వచ్చింది. రెండవ మోతాదు ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ లెక్కలోనే ఉంది. మొదటి మోతాదుకు స్పందించని పిల్లల్లో చాలామందికి రెండవది రక్షణ ఇస్తుంది.

ప్రమాదాన్ని కూడా ఇలాగే రెండు వైపులా తూచాలి. టీకాకు తీవ్రమైన అలెర్జీ రావడం సుమారు పది లక్షల మోతాదులకు ఒకసారి జరిగే అరుదైన ఘటన. తట్టు సోకిన ప్రతి వెయ్యి మందిలో సుమారు ఒకరికి మెదడువాపు వస్తుంది. ‘ప్రమాదం లేనే లేదు’ అన్న వాక్యం మొదటి అంకెను దాస్తుంది. ‘ప్రమాదం ఉంది’ అని ఆగిపోయే వాక్యం రెండవ అంకెను దాస్తుంది.

అధికారిక శాతాలకూ ఈ పరీక్ష వర్తిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 12-23 నెలల పిల్లల్లో పూర్తి టీకాలు పొందినవారు నాల్గవ సర్వేలో (2015-16) దేశవ్యాప్తంగా 62.0 శాతం, ఐదవ సర్వేలో (2019-21) 76.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఐదవ సర్వే నాటికి ఇది సుమారు 73 శాతం. ఇక్కడ ‘పూర్తి’ అంటే బి.సి.జి., మూడు మోతాదుల పోలియో, మూడు మోతాదుల డి.పి.టి. లేదా పెంటావాలెంట్, ఒక మోతాదు తట్టు టీకా. ఈ నిర్వచనంలో రోటావైరస్ గాని, తట్టు రెండవ మోతాదు గాని లేవు. సమాచారం కార్డు చూసి గాని, కార్డు లేనప్పుడు తల్లిని అడిగి గాని సేకరించినది. ఈ సర్వే జిల్లా అంకెలు 2022కు ముందున్న సరిహద్దులవి. వాటిని నేటి పల్నాడు, బాపట్ల జిల్లాలకు నేరుగా అన్వయించడం పొరపాటు.

7. పరిమితిని చెప్పే మాట:

నమ్మదగిన సమాచారానికి మరో లక్షణం తన హద్దును తాను చెప్పడం. బి.సి.జి. చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. గుంటూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1948లో, గిండీలో బి.సి.జి. ప్రయోగశాల ఏర్పడింది. టీకా ప్రచారం విస్తృతమైన దశలో రాజాజీ దానిని బహిరంగంగా వ్యతిరేకించారు. 1955లో తన అభ్యంతరాలను పుస్తకరూపంలో ప్రకటించారు. ఆనాటి వాదోపవాదాలు వ్యక్తుల గౌరవం చుట్టూ తిరిగాయి. జవాబు మాత్రం పరిశోధన నుండి రావలసి వచ్చింది.

1968లో తమిళనాడు చెంగల్పట్టు ప్రాంతంలో ప్రారంభమైన భారీ క్షేత్ర పరిశోధన ఫలితాలు దశాబ్దం తరువాత వెలువడ్డాయి. పెద్దలలో వచ్చే ఊపిరితిత్తుల క్షయ నుండి బి.సి.జి. రక్షణ ఇవ్వలేదని అవి చెప్పాయి. టీకాను ప్రోత్సహించిన వ్యవస్థే తనకు అనుకూలం కాని ఈ ఫలితాన్ని ప్రచురించింది. అయినా నేటికీ పుట్టిన బిడ్డకు బి.సి.జి. వేస్తున్నారు. పసిపిల్లల్లో మెదడు పొరలకు, శరీరమంతటికీ పాకే ప్రాణాంతక క్షయ నుండి అది రక్షిస్తుందన్నదే కారణం. ‘బి.సి.జి. వేస్తే క్షయ రాదు’ అన్న ప్రచార వాక్యం అసత్యం. ‘బి.సి.జి. వృథా’ అన్న వాక్యమూ అసత్యమే. ఎవరికి, దేని నుండి, ఎంత అన్నది చెప్పిన వాక్యమే సత్యానికి దగ్గర.

తన తప్పును తాను దిద్దుకోవడం ఈ లక్షణానికి కొనసాగింపు. 1998లో లాన్సెట్ పత్రిక 12 మంది పిల్లల గురించిన ఒక వ్యాసాన్ని ప్రచురించింది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా కలిపిన టీకాకు ఆటిజంతో సంబంధం ఉండవచ్చన్న భయం అక్కడి నుండే పాకింది. 2010 ఫిబ్రవరిలో ఆ పత్రికే వ్యాసాన్ని ఉపసంహరించింది. అదే ఏడాది ప్రధాన రచయిత వైద్య రిజిస్ట్రేషన్ రద్దయింది. 2019లో ప్రచురితమైన డెన్మార్క్ పరిశోధన 6,57,461 మంది పిల్లలను పరిశీలించి అటువంటి సంబంధం లేదని తేల్చింది. 2017లో తట్టు-రుబెల్లా ప్రచార కార్యక్రమం దక్షిణాది రాష్ట్రాలలో మొదలైనప్పుడు వాట్సాప్ వదంతులు దానిని వెంటాడాయి. పత్రిక ఉపసంహరణ ప్రకటిస్తుంది. వాట్సాప్ సందేశానికి ఉపసంహరణ ఉండదు.

8. సమ్మతి లేని చోట నమ్మకం:

సమాచారం శాస్త్రీయంగా సరైనదైనా, అది చెప్పిన తీరు నమ్మకాన్ని కూల్చగలదు. 2009 జులైలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ప్రదర్శన ప్రాజెక్టు మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి టీకా వేశారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం ఇందులో భాగస్వాములు. ఇటువంటి ప్రాజెక్టే గుజరాత్‌లోనూ సాగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికల మరణవార్తలు వచ్చిన తరువాత 2010 ఏప్రిల్‌లో కేంద్రం దీనిని నిలిపివేసింది.

ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం ఆ మరణాలకూ టీకాకూ సంబంధం ఉన్నట్లు కనిపించలేదని చెప్పింది. కాని సమ్మతి సేకరణలో తీవ్రమైన లోపాలను ఎత్తిచూపింది. ఆశ్రమ పాఠశాలల్లోని గిరిజన బాలికల తరఫున వార్డెన్లు సంతకాలు చేశారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో మరింత కఠినంగా విమర్శించింది.

ఈ ఘటనను చెప్పేటప్పుడు ఒక వర్గం మరణాలను మాత్రమే ప్రస్తావిస్తుంది. మరొక వర్గం ‘టీకాకు సంబంధం లేదు’ అన్న నిర్ధారణను మాత్రమే ప్రస్తావిస్తుంది. రెండూ సగం సమాచారమే. ‘టీకా వల్ల’ అన్నది నిలబడలేదు. ‘అడగకుండా’ అన్నది నిలబడింది. ఆ తల్లిదండ్రుల ఆగ్రహాన్ని అజ్ఞానం అనడం అన్యాయం. మిరప కల్లం దగ్గరికి వచ్చి కూలీ తల్లికి ఒక్క మాట చెప్పకుండా బిడ్డకు సూది వేసి వెళ్ళడం కూడా చిన్న స్థాయిలో అదే తప్పు.

9. పరిశోధకులు, అధ్యాపకులు చేయగల పని:

ఈ మైదానాల్లోని కళాశాలల్లో చదివే విద్యార్థుల్లో అనేకులు తమ ఇళ్ళలో మొదటి తరం విద్యావంతులు. అక్క బిడ్డకు వచ్చిన జ్వరం గురించి ఇంట్లోవారు అడిగేది వారినే. వారికి ఏ టీకా మంచిదో బోధించడం కంటే, వాక్యాన్ని పరీక్షించడం నేర్పడం ఎక్కువ మేలు చేస్తుంది. అందుకు నాలుగు ప్రశ్నలు చాలు.

మొదటిది: ఈ మాట ఎవరిది, ఏ తేదీది? ఆరోగ్య మంత్రిత్వ శాఖ పట్టిక, ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా వారీగా ప్రచురించే వైఖరి పత్రాలు, శిశువైద్యుల సంఘం సిఫారసులు తేదీతో, కర్తృత్వంతో ఉంటాయి.
రెండవది: ఎంతమందిలో ఎంతమంది?
మూడవది: ‘తరువాత’ అంటున్నారా, ‘వల్ల’ అంటున్నారా? ‘వల్ల’ అంటే, టీకా పొందనివారితో పోల్చి చూశారా?
నాల్గవది: తన పరిమితిని ఈ మాట చెప్పుకుందా? తప్పని తేలితే జవాబు చెప్పేది ఎవరు?

తెలుగు శాఖలు చేయగలిగిన పని మరొకటి ఉంది. టీకా సమాచారంలో వాడే పదాలకు ఖచ్చితమైన, వాడుకకు దగ్గరైన తెలుగు రూపాలను స్థిరపరచడం. తట్టు, పొంగు, ఆటలమ్మ వంటి వ్యాధినామాలు ఒక్కో ప్రాంతంలో ఒక్కో అర్థంలో వినిపిస్తాయి. ‘అమ్మవారు పోసింది’ అన్న మాట ఏ వ్యాధిని సూచిస్తున్నదో సందర్భాన్నిబట్టి గాని తెలియదు. తల్లి చెప్పిన పేరుకూ కార్డులో రాసిన పేరుకూ పొంతన కుదరకపోతే సర్వే అంకె కూడా తప్పుతుంది. మాండలిక పదసేకరణ చేసే పరిశోధకులు వ్యాధినామాలను, టీకా సంబంధ వ్యవహారపదాలను గ్రామాల వారీగా నమోదు చేస్తే అది భాషాశాస్త్రానికీ ప్రజారోగ్యానికీ ఉపకరిస్తుంది.

10. ముగింపు:

• సమాచారపు విశ్వసనీయత చెప్పినవారి హోదాతోనే నిర్ణయం కాదు. మూలం, తేదీ, హారం, పోలిక, పరిమితి, జవాబుదారీతనం దాని కొలమానాలు. వదంతికీ అధికారిక ప్రకటనకూ ఈ కొలమానాలు సమానంగా వర్తిస్తాయి.
• కాలక్రమం కారణం కాదు. అయినా ప్రతి తీవ్ర ఘటననూ విచారించి, ఫలితాన్ని ఆ కుటుంబానికి వారి భాషలో తెలియజేయడం వ్యవస్థ బాధ్యత.
• నాంపల్లి ఘటన పొరపాటును సరైన పేరుతో పిలవవలసిన అవసరాన్ని, ఖమ్మం ఘటన అడిగి చెప్పవలసిన అవసరాన్ని, బి.సి.జి. చరిత్ర హద్దు చెప్పవలసిన అవసరాన్ని నిరూపిస్తున్నాయి.
• గుంటూరు, ప్రకాశం మైదానాల్లో అందరికంటే ఎక్కువగా నష్టపోయేది వదంతిని నమ్మిన కుటుంబం కాకపోవచ్చు. ఏ సమాచారమూ చేరని వలస కుటుంబం కావచ్చు. కోతల కాలంలో వారి నివాసాల వద్దకే టీకా కార్యక్రమం వెళ్ళడం, కార్డులో తేదీలు స్పష్టంగా రాయడం, నాలుగు విషయాలూ చెప్పడం ఆ లోటును పూరించే మార్గాలు.

విత్తనం బిల్లును దాచుకున్న చేతికి టీకా కార్డును దాచుకోవడం కష్టం కాదు. ఆ కార్డులో దాచుకోదగినంత సమాచారం రాసి ఇవ్వడం మాత్రం ఇచ్చేవారి బాధ్యత.